మేఘాలు మీకు, చెత్త మాకా?

మొన్న డిసెంబరులో ఈ ప్రశ్నలు-జవాబుల శీర్షికకే ఒక పాఠకుడు "పిల్లలతో రెండు రోజులు చలి ప్రదేశానికి వెళ్లాలి, ఎక్కడికైతే బాగుంటుంది" అని రాస్తే లంబసింగి, వంజంగి, అరకు అని జవాబిచ్చాను. ఎన్ని గంటలకి బయల్దేరాలి, ఏమేం పట్టుకెళ్లాలి అన్నీ రాశాను. ఆ ఊళ్లలో ఉండేవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు నాకు ఉత్తరాలు చదివాకే తెలిసింది, ఎందుకంటే తర్వాత వచ్చినవాటిలో చాలావరకు అటువైపు నుంచి వచ్చినవే. "మేఘాలు చూసి మీరు వెళ్లిపోతారు, కింద పడేసిన చెత్త మేం ఏరుకోవాలా?" అని ఒకరు ఒకే ఒక్క వాక్యం రాసి పంపారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఊళ్లోకి టూరిస్టులు వస్తే ఊరివాళ్లకి ఏమవుతోంది అన్న ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర కొండ కింద పల్లె. ఐదారేళ్ల కిందట మా ఊరి పేరు పక్క మండలంలో కూడా ఎవరికీ తెలీదు. ఇప్పుడు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా శనాదివారాలు తెల్లవారుజామున రెండున్నరకే కార్లు, బైకులు మొదలు. మా ఆయన జీపు తోలుతాడు, నేను రోడ్డు పక్కన టీ, మ్యాగీ, ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతాను. అబద్ధం ఎందుకు, డబ్బు కనిపిస్తోంది. పాపని మంచి బళ్లో వేశాం. అయినా ఇంట్లో ఎవరి మొహంలోనూ కళ లేదు. మా అత్త ఊట దగ్గరికి వెళ్లడమే మానేసింది, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఉంటున్నారని. ఇదివరకు ఒకరి పొలంలో ఒకరం సాయం పట్టేవాళ్లం, ఇప్పుడు పార్కింగ్ డబ్బుల దగ్గర గొడవపడి రెండు ఇళ్లవాళ్లతో మాటల్లేవు. డబ్బొచ్చినా మనసు బాగోలేదంటే మేమే ఏదో తప్పు చేస్తున్నామా?

జవాబు: మీరేం తప్పు చేయడం లేదమ్మా. ముందు ఆ మాట నమ్మండి, తర్వాత మిగతాది చదవండి.

మీ ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్నది అత్తగారి సంగతి. ఆ ఊట దగ్గర ఆవిడ బిందె నింపుకోవడంతో పాటు ఇంకా చాలా చేసి ఉంటుంది, నలుగురు ఆడవాళ్లతో కాసేపు కూర్చుని ఇంటి విషయాలు చెప్పుకుని ఉంటుంది, కాళ్లు కడుక్కుని, తల విరబోసుకుని దువ్వుకుని ఉంటుంది. అది పోయింది. టీ కొట్టు మీద ఎంత వచ్చిందో రాత్రి లెక్కపెట్టుకుంటారు కదా, ఊట దగ్గర పోయినది ఆ లెక్కలో ఎక్కడా రాదు. డబ్బు పెరిగినా ఇంట్లో ఏదో తగ్గినట్టు మీకనిపించడం అందుకే, నిజంగానే తగ్గింది.

ఒక జనవరిలో నేను వంజంగి కొండ దిగుతూ చూసినది చెప్తాను. పొద్దున్న ఎనిమిది దాటింది. పైన మేఘాలు చూసి అందరం హుషారుగా దిగుతున్నాం. దారి పక్క ఇంటి ముందు ఏడెనిమిదేళ్ల పాప వేపపుల్లతో పళ్లు తోముకుంటోంది. మా ముందు నడుస్తున్న ఒకాయన ఆగి ఫోన్ పైకెత్తాడు. పాప గోడవైపు తిరిగింది. "ఇటు చూడమ్మా, ఒక్క ఫొటో" అన్నాడు. పాప తిరగలేదు, గోడనే చూస్తూ పళ్లు తోముకుంటూ ఉంది. లోపల్నుంచి వాళ్లమ్మ వచ్చి ఏమీ అనకుండా తడిక జరిపి అడ్డం పెట్టింది. అప్పుడు ఆయన నవ్వుతూ ముందుకెళ్లిపోయాడు, నేనూ ఆయన వెనకాలే వెళ్లిపోయాను, ఒక్క మాట అనలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ తడికే గుర్తొచ్చింది.

ఊరివాళ్ల మనసు ఇలా మారడం మీ ఒక్క ఊళ్లోనే కాదు. డాక్సీ అనే పరిశోధకుడు బార్బడోస్ దీవిలోనూ, కెనడాలో నయాగరా దగ్గరి ఒక చిన్న పట్టణంలోనూ స్థానికులని గమనించి 1975లో ఒక మాట చెప్పాడు. మొదట్లో ఊరంతా సంబరం, రండి రండి అని పిలుస్తారు. తర్వాత అలవాటైపోతుంది, వచ్చేవాడు చుట్టం కాదు, బేరం. ఆ తర్వాత చిరాకు మొదలవుతుంది. చివరికి బాహాటంగా కోపం. ప్రతి ఊరూ ఈ నాలుగూ వరసగా దాటి తీరుతుందనేం లేదు, తర్వాతి పరిశోధకులు దీని మీద చాలానే వాదించారు. కానీ మీరు రాసిన తీరు చూస్తే మీ ఊరు రెండో దశ దాటి మూడో దశలో కాలు పెట్టినట్టుంది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అని సరస్సు ఒడ్డున ఎనిమిది వందల మంది కూడా లేని ఊరుంది, అందంగా ఉంటుందని ప్రపంచమంతా అక్కడికే వెళ్తుంది. సెల్ఫీల రద్దీ తట్టుకోలేక 2023లో వాళ్లు సరస్సు కనపడకుండా చెక్క కంచె కట్టేశారు, విమర్శలు రావడంతో మళ్లీ తీసేశారు. అంత బాగా డబ్బున్న దేశంలోనే అలా ఉంటే, మీకు చిరాకు రావడంలో వింతేముంది?

ఇప్పుడు పార్కింగ్ గొడవ. రోడ్డు పక్కన ఇల్లుండటం ఒకరి గొప్ప కాదు, గట్టు మీద ఇల్లుండటం ఇంకొకరి నేరం కాదు. కానీ డబ్బంతా రోడ్డు పక్క వాళ్లకే వస్తుంటే, నిన్నటిదాకా ఇద్దరూ ఒకే సంతలో ఒకేలా బేరమాడినవాళ్లు కదా, ఇవాళ ఒకరింటి ముందు కొత్త బండి ఉంటుంది. అందరికీ లేనప్పుడు ఎవరికీ అంత బాధ ఉండదు, పక్కింటికి వచ్చి మనకి రానప్పుడే గుచ్చుకుంటుంది, అది మనుషులందరికీ ఉన్న గుణమే. దానికి నేను చెప్పగలిగిన విరుగుడు ఒకటే, పార్కింగ్ ఎవరి ఖాళీ స్థలంలో వారు పెట్టుకోకుండా ఊరుమ్మడిగా ఒకేచోట పెట్టించండి. రసీదు పుస్తకం, ఊరి పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. స్థలం ఇచ్చినవాళ్లకి అద్దె ఇచ్చి, చెత్త ఎత్తేవాళ్లకి కూలి ఇచ్చి, మిగిలింది ఊట చుట్టూ గోడకో, బడికో, దేనికో గ్రామసభలో అందరి ముందు తేల్చండి. జీపులకి వంతు పద్ధతి పెట్టుకోండి. మీది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించినది, అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పీసా చట్టం మీ గ్రామసభకి మామూలు ఊళ్లకంటే ఎక్కువ బలమే ఇచ్చింది, వాడుకోకపోతే అది కాగితం మీదే ఉంటుంది. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితులు అటవీశాఖతో కలిసి అతిథిగృహాలు నడుపుతున్నాయి. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని నేననడం లేదు, ఉమ్మడిగా నడపడం మనవాళ్లకి చేతకాని పనేం కాదని చెప్పడానికి రాస్తున్నాను.

ఊట దగ్గర మాత్రం గ్రామసభ దాకా ఆగొద్దు. రేపే ఒక చెక్కబోర్డు రాయించి పెట్టండి, ఇది మా తాగునీరు, ఇక్కడికి రావద్దు, ఫొటోలు తీయొద్దు అని. అరకు దారిలో వలిసె పూల రైతులు ఏం చేశారో చూశారుగా. పసుపు పచ్చటి తోట కనపడగానే కార్లు ఆపి మధ్యలోకి దూరిపోయి పడుకుని మరీ ఫొటోలు తీసుకునేవాళ్లు. వలిసెలు నూనెగింజ పంట, మొక్క విరిగితే గింజ లేదు. కొందరు రైతులు తాడు కట్టి, తలకింత అని తీసుకుని, గట్టు మీద నిలబడి తీసుకోండి అంటున్నారు. నాకది చాలా న్యాయంగా అనిపించింది.

ఇంకొక్కటి. మీ దగ్గర కాఫీ పళ్లు ఎర్రబడేదీ ఈ నెలల్లోనే, టూరిస్టులు వచ్చేదీ ఈ నెలల్లోనే. అందుకే ఇంటిల్లిపాదీ రాత్రి రెండింటికి లేచి టీ కాచి, పగలు తోటకి వెళ్లి, ఎక్కడా నిద్రలేక నీరసపడిపోతున్నారేమో చూసుకోండి, మొహంలో కళ లేకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అలసటగా ఉందని తోట మాత్రం వదలొద్దు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. టూరిస్టుకి వచ్చే ఏడాది ఇంకో కొండ నచ్చితే ఇటు రాడు, జీపు కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది.

ప్రశ్న: నేను డిగ్రీ పూర్తిచేశాను, ఆదివాసీని. అరకు వైపు మాకు ఎకరంన్నర ఉంది. సిటీ నుంచి ఒకాయన వచ్చి "భూమి నీ పేరు మీదే ఉంటుంది, ఇరవై ఏళ్లకి లీజు రాసివ్వు, కాటేజీలు మేం కడతాం, నెలనెలా డబ్బులిస్తాం, నిన్నే మేనేజర్ని చేస్తాం" అంటున్నాడు. నాన్న ససేమిరా వద్దంటున్నాడు. నాన్నకి ఈ కాలం సంగతులు తెలియవు కదా, ఎలా ఒప్పించాలి?

జవాబు: నాన్నకే బాగా తెలుసు బాబూ. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

అందరూ 1/70 అని పిలిచే చట్టం (1959 నాటి నిబంధనని 1970లో సవరించడంతో ఆ పేరొచ్చింది) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదలాయించడం చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు చాలామంది. లీజు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ దాని కిందికే వస్తాయి. అంటే ఆయన ఇస్తానన్న లీజు కాగితానికి మొదటి రోజు నుంచే విలువ లేదు. నష్టం ఆయనకే కదా అనుకోవద్దు. కట్టడానికి తెచ్చిన అప్పులు, కరెంటు కనెక్షను, లైసెన్సు అన్నీ నీ పేరున ఉంటాయి, లోపల పెత్తనం ఆయనది, ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నువ్వు. మన్యంలో బినామీ వ్యవహారాలన్నీ ఇలా "పేరు నీదే" అన్న తియ్యటి మాటతోనే మొదలవుతాయి. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట వినపడగానే మన్యమంతా రెండు రోజులు బంద్ చేసింది గుర్తుందా, ఆ చట్టం జోలికి వెళ్లబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. మీ నాన్నలాంటి వాళ్ల భయానికి వెనక అంత చరిత్ర ఉంది. అడ్డతీగల నుంచి పాడేరు దాకా ఏ ఊళ్లో పెద్దవాళ్లని అడిగినా, ఒక మూట ఉప్పుకో, ఒక పెళ్లి అప్పుకో భూమి పోయిన కథ ఒకటి చెప్తారు.

అలాగని నీ ఆశ తప్పని కాదు. ఇరవై కాటేజీల మేనేజరు కంటే రెండు గదుల ఇంటి యజమానివి కావడం మేలని నా గట్టి అభిప్రాయం. మీ ఇంటి పక్కనే రెండు గదులు, శుభ్రమైన మరుగుదొడ్డి, వేణ్నీళ్లు, దళసరి దుప్పట్లు చాలు. అన్నంలోకి మీ రాజ్మా కూర, పొద్దున్నే రాగి అంబలి. సిటీవాళ్లు దానికోసమే వస్తారు, పనీర్ బటర్ మసాలా వాళ్లకి రోజూ దొరుకుతుంది. పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకి వెళ్లి హోమ్‌స్టేకి శిక్షణ, సాయం ఏమున్నాయో అడుగు, ఒక్కసారి కాదు, మూడుసార్లైనా వెళ్లు. గదిలో ఒక కాగితం అంటించు, మందు వద్దు, తొమ్మిది తర్వాత పాటలు వద్దు, ఇంట్లోవాళ్లని అడగకుండా ఫొటోలు వద్దు అని. అది చదివి వెనక్కెళ్లిపోయేవాడు వెళ్లిపోనీ. ఆ కాగితం అంటించే హక్కు లీజుకిచ్చినవాడికి ఉండదు.

ప్రశ్న: మాది భూదాన్ పోచంపల్లి. అమ్మ ఆసు పోస్తుంది, నాన్న మగ్గం నేస్తాడు. మా ఊరికి అంతర్జాతీయ అవార్డు వచ్చినప్పుడు స్వీట్లు పంచుకున్నాం. కానీ వచ్చేవాళ్లు ఇంట్లోకి నేరుగా వచ్చేసి వీడియోలు తీసి, చీర ధర అడిగి "ఆన్‌లైన్లో ఇంతకంటే చౌక" అని వెళ్లిపోతారు. అమ్మకి చిరాకేస్తోంది. ఆ చిరాకు చూసి నాకు భయమేస్తోంది, ఎవరైనా కించపడితే ఊరికి చెడ్డపేరు వస్తుందేమోనని.

జవాబు: అమ్మకి చిరాకు రావడం న్యాయమే, దాచుకోమని చెప్పకండి.

ఆసు అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. చీరకి రంగుల బొమ్మ దిగాలంటే ముందు నూలుకి లెక్కప్రకారం కట్లు కట్టి అద్దకం చేయాలి. ఆ కట్లకి ముందు దారాన్ని ఒక కొసన ఉన్న మేకు నుంచి అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల దాకా, మళ్లీ వెనక్కి, చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి కొన్ని వేలసార్లు. భుజం పీకేస్తుంది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తన తల్లి పడే ఈ బాధ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మధ్యలో "అమ్మా, ఒక్కసారి ఆగి ఇటు చూడండి" అంటే లెక్క తప్పుతుంది. తప్పితే మొదటికొస్తుంది. వీడియో తీసేవాళ్లకి ఆ సంగతి తెలీదు.

పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు ఇచ్చింది. గొప్ప సంగతే. అయితే ఊరికి పేరొచ్చినంత మాత్రాన మగ్గానికి గిట్టుబాటు రాదని మీ ఉత్తరమే చెప్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లు చూసినందుకు కూడా డబ్బివ్వాలి, నా ఉద్దేశంలో దానికి మొహమాటం అక్కర్లేదు. నలుగురైదుగురు నేతగాళ్లు కలిసి వారానికి రెండు పూటలు ఒకే ఇంట్లో చూపించండి, వంతులవారీగా. టికెట్టు పెట్టండి, ఆ పూట నేత పోయినందుకు కూలి అందులోంచి రావాలి. మిగతా రోజుల్లో తలుపు మీద "పని జరుగుతోంది" అని బోర్డు. ఇంకోటి, చౌకగా దొరుకుతోందన్నవాళ్లతో వాదించకుండా రెండు గుడ్డలు పక్కపక్కన పెట్టి చూపించండి. అచ్చు వేసిన గుడ్డకి వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది, గీతలు కత్తితో కోసినట్టుంటాయి. మీ చీరకి రెండువైపులా ఒకటే రంగు, బొమ్మ అంచు కొద్దిగా పాకినట్టుంటుంది, ఎందుకంటే ఆ రంగు నేయకముందే దారంలోకి వెళ్లింది. వేలితో తాకి చూసుకోనివ్వండి. అలా చూసినవాళ్లలో అందరూ కొనరు, కానీ చౌక అన్న మాట మళ్లీ అనరు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, వికారాబాద్ దగ్గరి పల్లె. అనంతగిరి కొండల చుట్టూ రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. శనివారం రాత్రి డీజే మోతకి గుండె అదురుతుంది, మా ఇంట్లో తొంభై ఏళ్ల అమ్మ ఉంది. బోర్లు అడుగంటుతున్నాయి. ఎకరం అమ్ముకున్నవాడు అదే ఎకరంలో వాచ్‌మన్‌గా నిలబడి సెల్యూట్ కొడుతున్నాడు. పిల్లలేమో "మన భూమికి రేటు పెరిగింది కదా తాతా" అని సంతోషపడుతున్నారు. ఏది సంతోషం మాస్టారూ?

జవాబు: మాస్టారూ అని మీరు నన్ను పిలిచారు గానీ, మీ ముందు నేను విద్యార్థినే.

ముందు మోత సంగతి, దానికి చట్టం సూటిగా ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. నివాస ప్రాంతంలో రాత్రిపూట హద్దు 45 డెసిబెల్స్, అంటే మెల్లగా మాట్లాడుకునేంత. మీరొక్కరే ఫోన్ చేస్తే ఒకసారి వచ్చి వెళ్తారు. పదిమంది సంతకాలతో, ఏ శనివారం ఎన్ని గంటల దాకా మోగిందో తేదీలు రాసి, పంచాయతీ తీర్మానంతో ఇస్తే పక్కన పడేయడం కష్టం. బోర్ల విషయంలో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కొత్త బోరుకి అనుమతి ఉండాలి. ఏ రిసార్టు ఎన్ని బోర్లు వేసింది, అనుమతి ఉందా అని సమాచార హక్కు కింద అడగండి. టీచర్లు రాసిన అర్జీలో తప్పులుండవు, ఆఫీసుల్లో దానికి విలువుంటుంది.

పిల్లల మాట కష్టంగానే ఉంది. భూమి రేటు పెరగడం అమ్మేవాడికే లాభం, అమ్మనివాడికి అది కాగితం మీద అంకె. పైగా కౌలుకి చేసేవాడికీ, కొత్తగా ఇల్లు కట్టుకోవాలనుకున్న పక్కింటి కుర్రాడికీ నష్టం. సొంతూళ్లోనే వంద గజాలు కొనలేని పరిస్థితి వస్తుంది. ఇది పిల్లలకి కోప్పడకుండా చెప్పండి, మీ క్లాసులో లెక్క చెప్పినట్టు, మీ ఊళ్లో అమ్మిన ఐదు కుటుంబాల పేర్లు రాసి, వచ్చిన డబ్బు ఇప్పుడెక్కడుంది అని వాళ్లనే కనుక్కుని రమ్మనండి.

రిసార్టులు వచ్చేశాక వెనక్కి పంపలేం. వాటి వంటింట్లోకి మీ ఊరి కూరగాయలు వెళ్లేలా చేయగలం. కేరళ కుమరకంలో 2008 ప్రాంతంలో మొదలైన పద్ధతి ఇదే. అక్కడ కూడా మొదట్లో ఊరివాళ్లకీ రిసార్టులకీ పడేది కాదు. పంచాయతీ, కుటుంబశ్రీ మహిళా సంఘాలు, హోటళ్లు కూర్చుని, కూరగాయలు, గుడ్లు, చేపలు, కొబ్బరికాయలు ఊళ్లోంచే కొనాలని, ధర ముందే కలిసి ఖరారు చేసుకోవాలని ఒప్పందానికి వచ్చారు. బీడుపడిన మళ్లు మళ్లీ సాగులోకి వచ్చాయి. మన దగ్గర డ్వాక్రా సంఘాలు ఏ ఊళ్లో లేవు? ఇప్పుడు మీ పక్క రిసార్టుకి టమాటా ఎక్కడ్నుంచి వస్తోందో ఒకసారి వాకబు చేయండి, ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచి వ్యానులో వస్తూంటే మాత్రం సంఘం ఆడవాళ్లని తీసుకుని మీరే వెళ్లి మాట్లాడండి. వాచ్‌మన్ ఉద్యోగం కంటే అది గౌరవంగా ఉంటుంది, భూమీ చేతిలోనే ఉంటుంది.

ఏది సంతోషం అని అడిగారు. మీ అమ్మగారు శనివారం రాత్రి కూడా నిద్రపోగలగడం, నాకు తోచినంతలో అక్కడ మొదలుపెడతాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా టెన్షన్, రెండు రోజులు ఊళ్లవైపు వెళ్తాం. డబ్బు ఖర్చుపెడతాం, అది ఊరికే కదా వెళ్తుంది. ఇప్పుడు మమ్మల్ని రావద్దంటున్నారా?

జవాబు: రండి. రావద్దని మీకు ఈ ఉత్తరాల్లో ఎవరూ రాయలేదు, మళ్లీ ఒకసారి చదవండి. కొట్టు పెట్టుకున్న ఆ అమ్మాయి కూడా టూరిస్టులు ఆగిపోవాలని కోరుకోలేదు.

కానీ డబ్బు ఊరికే వెళ్తోందన్న నమ్మకం మాత్రం ఒకసారి లెక్క వేసుకుని చూడండి. సిటీలో పెట్రోలు కొట్టించి, సూపర్‌మార్కెట్లో బిస్కెట్లు, నీళ్ల సీసాలు, చికెన్, బొగ్గులు అన్నీ కొనుక్కుని, సిటీ యజమాని టెంటుకి ఆన్‌లైన్లో డబ్బు కట్టి, ఊళ్లో ఒక్క టీ తాగి వస్తే ఊరికి మిగిలింది ఆ టీ డబ్బులు, మీ నీళ్ల సీసాలు. అదే ఊళ్లో ఒకరింట్లో పడుకుని, వాళ్ల వంట తిని, వెళ్లేటప్పుడు కిలో రాజ్మా, పావుకిలో మిరియాలు సంతలో కొనుక్కుంటే కథే వేరు. సంతలో బేరమాడొచ్చు, తప్పులేదు, కానీ నాలుగు గంటలు కొండ దిగి తట్ట నెత్తిన పెట్టుకొచ్చిన మనిషి దగ్గర పది రూపాయల కోసం పట్టుబట్టకండి.

వీలైతే సంక్రాంతి, క్రిస్‌మస్, న్యూ ఇయర్ వదిలేసి మామూలు మంగళవారం వెళ్లండి. అందరూ ఒకేరోజు వెళ్తేనే రోడ్డు ఆగిపోయి, గర్భిణిని తీసుకెళ్లే వాహనం కూడా ఘాట్ మలుపులో చిక్కుకుపోయే పరిస్థితి వస్తుంది. ఊటీ, కొడైకెనాల్‌కి 2024 మే నుంచి ఈ-పాస్ పెట్టారు, మద్రాసు హైకోర్టు ఆదేశం మీద. తర్వాతి ఏడాది ఎండాకాలానికి ఊటీకి మామూలు రోజుల్లో ఆరు వేలు, వారాంతాల్లో ఎనిమిది వేల వాహనాలే అని హద్దు పెట్టారు. భూటాన్‌లో విదేశీయుల దగ్గర రాత్రికి వంద డాలర్లు, మన దేశం వాళ్ల దగ్గరైతే పన్నెండు వందల రూపాయలు తీసుకుంటున్నారు. జనం సంతోషాన్ని లెక్కగట్టి పాలించాలనుకునే దేశం కూడా అతిథికి ఒక హద్దు గీసుకుంది. మన మన్యం ఘాట్ రోడ్లకి కూడా అలాంటి లెక్క త్వరలో రావాలని నేను కోరుకుంటున్నాను, వస్తే మీకు కొంత అసౌకర్యం ఉంటుంది, ఆ రోజు ఊరివాళ్లని తిట్టుకోకండి.

తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి మీ డిక్కీలోనే పెట్టుకుని సిటీకి తీసుకెళ్లండి. కొండమీది పల్లెకి చెత్తబండి రాదు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా ఊరికి వచ్చేవాళ్లు నన్నూ మా చెల్లినీ ఫొటోలు తీస్తారు, చాక్లెట్ ఇస్తారు. చెల్లికి చాక్లెట్ ఇష్టం, నాకు ఫొటో ఇష్టం లేదు. వద్దంటే మర్యాద కాదు అంటుంది మా పక్కింటి పిన్ని. వద్దనొచ్చా?

జవాబు: అనొచ్చు తల్లీ. నీ మొహం నీది. "వద్దండీ" అని ఒక్కసారి చెప్పు, వినకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పు, అప్పటికీ వినకపోతే పెద్దవాళ్లని పిలువు. చెల్లికి కూడా నేర్పు, చాక్లెట్ తీసుకుంటే ఫొటోకి నిలబడి తీరాలని ఎక్కడా లేదని. పిన్నికి ఈ పేజీ చదివి వినిపించు. ఇంకో మాట, మీ ఊరి దారి, చెట్ల పేర్లు, ఏ కాలంలో ఏ పువ్వు పూస్తుందో నీకు తెలుసు కదా, అవన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో. వచ్చేవాళ్లకి అవి చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. రాసినవాటిలో ఒక పేజీ నాకు పంపు, ఇక్కడ వేస్తాను.